అంగుళం మావయ్య కుట్టిన లోపలి జేబులు

అంగుళం మావయ్య మంచి దర్జీ. ఈ మాట ఆయన శత్రువులు కూడా ఒప్పుకుంటారు. శత్రువులంటే మరెవరో కాదు, పెళ్ళికి ఇస్తానన్న కోటు పెళ్ళయిన మూడో రోజున అందుకున్నవాళ్ళు.

మనిషి గుమ్మంలో అడుగు పెడుతుండగానే నడుం కొలత అంగుళాల్లో చెప్పేయడం ఆయన విద్య. టేపు పెట్టడం ఆ తర్వాత, మర్యాద కోసం. ఈ విద్య వేళాపాళా చూసుకునేది కాదు. ఒకసారి పక్క వీధి ఆసామి పోతే పరామర్శకి వెళ్ళాడు. అందరూ తలలు వంచుకుని నిలబడిన చోట, పడుకోబెట్టిన మనిషి వంక చూసి "ముప్పై ఎనిమిది" అని పైకే అనేశాడు. పోయినాయన వయసు అరవై ఒకటి. కొడుకులు ఇప్పటికీ ఆ మాటకి అర్థం వెతుక్కుంటున్నారు.

ఇంత విద్య ఉన్నవాడికి ఒకటే లోపం. మొహమాటం. ఎవరేం అడిగినా "అలాగేనండి" అనేస్తాడు. ఆయన పెళ్ళి కూడా అలాగే జరిగింది. ఒక పెద్దమనిషి ఇంటికి కోటు కొలతలు తీయడానికి వెళ్తే, చేతులు చాచి నిలబడ్డ ఆ పెద్దమనిషి సరదాకి "మా అమ్మాయిని చేసుకుంటావేమిటయ్యా" అన్నాడు. నోట్లో గుండుసూదులున్నాయి కాబట్టి మావయ్య తల ఊపాడు. పెళ్ళికూతురు కాపురానికొస్తూ ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో ఆరేళ్ళ తమ్ముణ్ణి పట్టుకుని వచ్చింది. తల్లి లేని పిల్లాడు, ఎక్కడ వదిలి వస్తుంది? మావయ్య పెట్టెనీ, తమ్ముణ్ణీ కూడా "అలాగేనండి" అనే దించుకున్నాడు. తర్వాత వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఆ బావమరిదే కొడుకయ్యాడు.

కొట్టు తొమ్మిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. గుమ్మం దగ్గర మావయ్య మిషను, పరదా వెనక భార్య మిషను. ఆవిణ్ణి వీధి అంతా పెద్దక్క అంటారు. కొత్త ప్యాంటు తొడిగి చూసుకోడానికి మూలన ఇంకో పరదా ఉంది. అది మోకాళ్ళ దాకానే వస్తుంది కాబట్టి లోపల ఎవరున్నారో కాళ్ళని బట్టి బయటివాళ్ళకి తెలిసిపోయేది. బల్ల మీద కొలతల పుస్తకం. మావయ్య దృష్టిలో ఆ పేటలో మనుషులందరూ ఆ పుస్తకంలో ఉన్నారు, పొట్టలతో సహా.

పదేళ్ళ కిందట ఒకరోజు పాత వాషింగ్ మిషన్లు అమ్మే ఆయన వచ్చి, తువ్వాల్లో చుట్టిన బరువైన వస్తువొకటి బల్ల మీద పెట్టాడు.

"దీని కొలతకి ప్యాంటు లోపల, నడుం పక్కన, ఒక జేబు కావాలి."

మావయ్య తువ్వాలు పైనుంచే తడిమి, డ్రిల్లు మిషననుకున్నాడు. "ఇంత బరువు నడుముకెందుకండీ, సంచీలో వేసుకోండి. దానికి వైరు కూడా ఉంటుంది కదా" అని సలహా ఇచ్చాడు.

మిషన్లాయన తువ్వాలు విప్పాడు. లోపల నల్లగా, నూనె రాసి, పిస్తోలు.

మావయ్యకి నోట మాట రాలేదు. వచ్చాక, వచ్చిన మాట మామూలుదే. "అలాగేనండి."

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎక్కడో తయారై, ఎన్ని చేతులు మారాయో తెలియని తుపాకులు, పాత వాషింగ్ మిషన్ల డ్రమ్ముల్లో దుప్పట్లు కప్పుకుని లారీల్లో పేటకి దిగేవి. చవకైన సెల్‌ఫోను ధరకే వచ్చేవి. ఫోను కొంటే బిల్లడుగుతారు, దీనికి అదీ లేదు. కొన్నవాళ్ళు దొంగలేం కాదు. ఇల్లు కట్టే మేస్త్రీ, కూరగాయల దళారీ, ఆటో నడిపేవాడు. ఎందుకయ్యా అంటే "వాడి దగ్గరుంది, నా దగ్గర లేకపోతే ఎలా" అనేవారు. వాణ్ణడిగితే వాడూ అదే మాట. వీళ్ళందరికీ నడుం పక్కన ఒక జేబు కావాలి, ఆ జేబు కుట్టేవాడు ఒక్కడే.

మావయ్య దీన్ని భయమని ఒప్పుకునేవాడు కాదు. మొహమాటం అనేవాడు. అదీ తనలో తనే. పెద్దక్కకి మాత్రం చెప్పలేదు. పరదా ఇవతలే కుట్టి, ఇవతలే ఇచ్చి పంపేసేవాడు.

ఒక ఏడాది వానాకాలంలో, బండి ఎక్కడ పెట్టాలన్న గొడవలో, పాల వ్యాను డ్రైవరు చచ్చిపోయాడు. కాల్చినవాడి ప్యాంటు నడుం ముప్పై నాలుగు, జేబు కుడి వైపు. మావయ్యకి పేపరు చూడక్కర్లేకుండానే తెలుసు. డ్రైవరుకి ఉన్న ఒకే ఒక్క కోటు కూడా ఈయన కుట్టిందే. రెండు రోజులు అన్నం ముట్టలేదు. గ్యాసు పట్టిందనుకుని పెద్దక్క వేడినీళ్ళు తాగించింది. పోలీసులు ఆ ప్యాంటు లోపల తన కొట్టు లేబులు చూస్తారేమోనని నెల్లాళ్ళు వణికాడు. అప్పట్నించి ఆయన జేబులు మానలేదు, లేబులు మానేశాడు. ఈ సంగతి ఆయనకి తలుచుకున్నప్పుడల్లా సిగ్గేసేది. అందుకని తలుచుకోవడం కూడా మానేయబోయాడు గానీ అది కుదరలేదు.

ఇలా ఉండగా ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఒక మధ్యాహ్నం యూనిఫారం మడత విప్పించుకోడానికి వచ్చింది.

నర్సమ్మది గట్టి ప్రాణం. పేటలో తగిలిన తూటా దెబ్బలన్నిటికీ మొదటి కట్టు ఆవిడ చేతి మీదుగానే పడేది. కట్టీ కట్టీ విసుగెత్తి, గొడవ మొదలైన చోటికి తుపాకీ కన్నా ముందే వెళ్ళాలని నలుగురితో ఒక జట్టు కట్టింది. ఎక్కడ గొంతులు లేస్తే అక్కడికి వెళ్ళి, ఇద్దర్నీ చెరో పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, కోపం దిగేదాకా వాళ్ళు చెప్పింది వినేవాళ్ళు. పేటవాళ్ళు వాళ్ళకి నీళ్ళ బ్యాచీ అని పేరు పెట్టారు. ఆరోగ్య కేంద్రంలో తాళం వేసిన ఇనప పెట్టె ఒకటి పెట్టి, మంగళవారాలు ఎవరైనా వచ్చి తుపాకీ అందులో వేసి పోవచ్చు, పేరడగం అని బోర్డు కూడా రాయించింది. మొదటి నెలలో ఒక ఆట తుపాకీ, తుపాకీ ఆకారంలో ఉన్న సిగరెట్ లైటరు, కాలువ పొంగుతోందని మూడు అర్జీలు పడ్డాయి.

మావయ్య యూనిఫారం విప్పుతుండగా ఆవిడ ఊసుపోక కొలతల పుస్తకం తిరగేసింది.

"మావయ్యా, ఈ 'లో.జే. ఏడు ఇంటూ అయిదు' అంటే ఏమిటి?"

"అదా. లోపలి జేబమ్మా."

"చాలామందికి ఉన్నట్టుందే."

"ఇప్పుడదో ఫ్యాషను."

"ఏడు ఇంటూ అయిదులో ఏం పడుతుంది? కళ్ళజోడా?"

మావయ్య యూనిఫారం మీదికి వంగాడు. నర్సమ్మ పుస్తకం మొదటికంటా వెళ్ళి, వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. నలభై మూడు. పేటలో ఎన్ని తుపాకులున్నాయో చెప్పమని రెండేళ్ళుగా పెద్ద పెద్ద ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది ఆవిడ. లెక్క ఇక్కడ, సుద్దముక్క కింద ఉంది.

"పోలీసులకి చెప్తావా అమ్మా?" అన్నాడు మావయ్య.

"చెప్తే నలభై మూడు మంది నీ మీదికొస్తారు. వాళ్ళు వచ్చాక నీకు కట్టు కట్టేది మళ్ళీ నేనే." ఆవిడ పుస్తకం మూసింది. "సరే గానీ, జేబు మీద గుండీ పెడితే, విప్పడానికి ఎంతసేపు పడుతుంది?"

"కొత్త కాజా బిగుతుగా కుడితే, చెమట చేత్తో అయితే... ఇరవై లెక్కపెట్టేంత."

"రెండు గుండీలు?"

మావయ్య మొహం పదేళ్ళలో మొదటిసారి వెలిగింది. "నర్సమ్మా, పైన ఒక మూత వేసి, గుండీ లోపలి వైపు కుడితే, తీసేవాడు తల వంచి చూసుకుంటే తప్ప దొరకదు."

అలా మొదలైంది. మావయ్య ఒక్కొక్కరినీ పిలిచి, లైనింగ్ అరిగిపోయి ఉంటుంది, వస్తువు జారి కాలు మీద పడితే ప్రమాదం, తీసుకురండి, ఊరికే మార్చిస్తాను అన్నాడు. అందరూ తెచ్చిచ్చారు. కొత్త జేబు చూసి సంతోషించారు. వంగినా జారదని ఒకడు తన స్నేహితుల్ని కూడా పంపాడు.

మొదటి ఫలితం టీ కొట్టు దగ్గర కనిపించింది. కూరగాయల దళారీకీ, మేస్త్రీకీ మాటా మాటా పెరిగి, ఇద్దరి చేతులూ ఒకేసారి నడుముల్లోకి వెళ్ళాయి. వెళ్ళినవి వెళ్ళినట్టే ఉండిపోయాయి. ఇద్దరూ తలలు వంచి, గడ్డాలు గుండెలకి ఆనించి, ప్యాంట్లలో వెతుక్కుంటున్నారు.

"చీమలేమైనా దూరాయా నాయనా?" అన్నాడు టీ కొట్టాయన.

బెంచీల మీదున్నవాళ్ళు గొల్లుమన్నారు. ఈలోగా నీళ్ళ బ్యాచీ వచ్చి ఇద్దర్నీ చెరో మూలకి తీసుకెళ్ళింది. ఆ నవ్వులో ఎవడైనా తుపాకీ తీసి ఏం చేసుకుంటాడు? నర్సమ్మకి ఆ తర్వాత రెండు నెలలూ దూది ఖర్చు తగ్గింది.

ఇంతవరకూ బాగానే ఉంది. అప్పుడొచ్చాడు బావమరిది.

బావమరిదికి ముప్పై నాలుగేళ్ళు. నాలుగు రోడ్ల కూడలిలో పంక్చర్ షాపు. రోడ్డుకి అవతల వైపు ఈ మధ్యే ఇంకొకడు పంక్చర్ షాపు తెరిచి, "గాలి ఉచితం" అని బోర్డు పెట్టాడు. వాడికి ఉచితం అనే పేరు స్థిరపడిపోయింది. బావమరిది గాలికి డబ్బులు తీసుకునేవాడు కాబట్టి బండ్లన్నీ అటు తిరిగాయి. ఒకరోజు ఉచితం అందరూ చూస్తుండగా వచ్చి, రోడ్డు మీద మేకులు చల్లుతున్నది నువ్వే అని, ట్యూబులు ముంచి బుడగలు చూసే తొట్టి ఎత్తి, ఆ మురికినీళ్ళు బావమరిది నెత్తిన కుమ్మరించాడు. మేకుల సంగతి నిజమో కాదో ఇప్పటికీ తేలలేదు. నీళ్ళు మాత్రం నిజం.

నాలుగో రోజున బావమరిది కొత్త ప్యాంటు గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పరదా వంక చూసి గొంతు తగ్గించాడు.

"బావా, కుడివైపు ఒక జేబు. ఏడు ఇంటూ అయిదు."

మావయ్య చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఎవరి దగ్గర కొన్నావురా?"

"వాషింగ్ మిషన్లాయన దగ్గర. ఆ ఉచితంగాడి దగ్గర కూడా ఉంది బావా. నీకు తెలుసు. నువ్వే కుట్టావుట కదా జేబు."

"కుట్టాను."

"మరి నాకు?"

ఇంకెవరన్నా అయితే మావయ్య గుండీల ప్యాంటు కుట్టిచ్చి ఊరుకునేవాడు. కానీ వీడు నలుగురు నవ్వితే చెయ్యి దించేసే రకం కాదు. నవ్వితే ఇంకా రెచ్చిపోయే రకం. నెత్తిన పడ్డ నీళ్ళు వాడి బుర్రలో ఇంకా మరుగుతున్నాయి. కాలిస్తే వీడు జైలుకి, ఎదుటివాడు ముందు కాలిస్తే వీడు మట్టిలోకి. రెండింట్లో ఏదైనా పరదా అవతలున్న మనిషి బతకదు. ఈ సంగతి మావయ్యకి అంగుళాలతో సహా తెలుసు.

"అలాగేలేరా" అన్నాడు. "ఎల్లుండి రా."

దర్జీకి దేవుడిచ్చిన ఆయుధం అదొక్కటే. బావమరిది ఎల్లుండి వస్తే గుండీలు రాలేదన్నాడు. తర్వాత వస్తే మిషను బెల్టు తెగిందన్నాడు. ఇంకోసారి గుడ్డ తడిపి ఆరేశాను, కుదించుకుపోతోంది అన్నాడు. పాత ప్యాంటులో పెట్టుకుంటే పిస్తోలు జారి కాలి మీద పడుతోంది కాబట్టి బావమరిది దాన్ని ఇంట్లోనే వదిలి తిరుగుతున్నాడు. ఆ మాట నర్సమ్మకి చెప్తే, "ఇంకో రెండు వారాలు సాగదీయి మావయ్యా. మావాళ్ళు ఉచితంతో మాట్లాడుతున్నారు. క్షమాపణ దాకా వచ్చాడు. అందరి ముందూ చెప్పమంటే మాత్రం సిగ్గుపడుతున్నాడు" అంది. జీవితమంతా ఆలస్యానికి తిట్లు తిన్న మనిషి, ఆలస్యం చేసినందుకు మొదటిసారి మెప్పు పొందాడు.

నాలుగో వారంలో ఒక శుక్రవారం మావయ్య దారాలు కొనడానికి బజారుకి వెళ్ళి రెండు గంటల తర్వాత వచ్చాడు. పెద్దక్క గుమ్మం దగ్గర మిషను మీద కూర్చుని, పోటీలో గెలిచినదానిలా నవ్వుతోంది.

"ఇదిగో, మీ పరువు నిలబెట్టాను."

"ఏమైంది?"

"తమ్ముడు పాపం నెల్లాళ్ళుగా తిరుగుతున్నాడు. సొంత బావమరిదిని కూడా తిప్పుతారా మీరు? గుడ్డ దొరికింది, కొలతలు పుస్తకంలో ఉన్నాయి, కూర్చుని కుట్టిచ్చేశాను. తొడుక్కునే వెళ్ళాడు."

మావయ్య దారాల పొట్లం కింద పడింది. "జేబు?"

"అదీ కుట్టాను. టైరు గాలి చూసుకునే మీటరు పెట్టుకోడానిక్కావాలన్నాడు. చటుక్కున చేతికి రావాలక్కా అన్నాడు. అందుకని మూత, గుండీ అవీ పెట్టలేదు. లోపల నున్నటి గుడ్డ వేసి, పైన రబ్బరు పట్టీ వేశాను. ఇలా వేలు పెట్టగానే అలా వచ్చేస్తుంది." ఆవిడ గాల్లోనే చేత్తో లాగి చూపించింది. "మీరు పదేళ్ళు కుట్టినా ఇంత బాగా రాదు."

ఆవిడకి అప్పుడైనా చెప్పవలసింది. ఆయన చెప్పలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా, మెడలో టేపుతో పరిగెత్తాడు.

దారిలో నర్సమ్మకి ఫోను చేశాడు.

"వస్తున్నా. నేనొచ్చేదాకా వాణ్ణి మాటల్లో పెట్టు" అంది ఆవిడ.

"ఏం మాట్లాడను?"

"నీకు తెలిసిందే మాట్లాడు."

ఆయనకి తెలిసింది ప్యాంట్ల గురించి.

కూడలి చేరేసరికి బావమరిది రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. అవతల ఉచితం తొట్టి ముందు నుంచి లేచి, వీడి చెయ్యి ఎక్కడుందో చూసి, తన చెయ్యి కూడా నడుములో పెట్టాడు. బండ్లు ఎక్కడివక్కడ ఆగాయి. జనం గోడలకి అతుక్కుపోయారు గానీ వెళ్ళిపోలేదు.

మావయ్య ఒక్క చూపులో లెక్క కట్టేశాడు. ఇద్దరివీ తన కొట్టు జేబులే. ఒకటి రాదు. ఒకటి వేలు పెట్టగానే వస్తుంది. మనుషుల్ని కాపాడదామని బిగుతుగా కుట్టిన కాజా, ఇప్పుడొక మనిషిని కట్టేసి నిలబెట్టింది. వాడు తల వంచి గుండీ వెతుక్కునే లోపల అంతా అయిపోతుంది.

బావమరిది చేతిలోకి పిస్తోలు వచ్చేసింది. పెద్దక్క చెప్పినట్టే, చటుక్కున.

మావయ్య వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. 

"బావా, తప్పుకో."

"తప్పుకుంటానురా. వీడి గుండీ తీయనీ."

"ఏం గుండీ?"

వెనక నుంచి ఉచితం పళ్ళు బిగించి అన్నాడు. "ఏమయ్యా అంగుళం, ఇది రావట్లేదు." ఆ గొంతులో ప్రాణభయం కన్నా ఎక్కువగా, కుట్టు బాగాలేదని వచ్చిన ఖాతాదారుడి నిష్ఠూరం ఉంది.

"రాదు. రాకుండానే కుట్టాను."

"రాకుండా కుట్టడమేమిటయ్యా?"

"నీ ఒక్కడిదే కాదు. అందరివీ అంతే."

గోడల వెంబడి నిలబడ్డవాళ్ళలో అయిదారుగురు తమ నడుముల వంక చూసుకున్నారు.

"మరి వాడిది వచ్చిందే?"

"వాడిది వాళ్ళక్క కుట్టింది."

 మావయ్య బావమరిదికి వీపు తిప్పి, ఉచితం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వాడి నడుములో చెయ్యి పెట్టాడు. తన కాజా తనకే లొంగలేదు. చేతులకి చెమట. ఇరవై దాటింది, నలభై దాటింది. గుండీ రాలేదు. చివరికి తల ఆనించి దారం పళ్ళతో కొరకడం మొదలుపెట్టాడు. జనంలో ఒకావిడ మొహం తిప్పుకుంది. ఒకాయన తిప్పుకోలేదు.

"బావా, లే. అసహ్యంగా ఉంది" అన్నాడు బావమరిది. వాడికి గురి చూసుకుందామంటే ఉచితం కనబడటం లేదు. కనబడుతున్నది బావ వెనక భాగం ఒక్కటే. "బావా, నీకు తగుల్తుంది."

"తగిలితే అక్కకి నువ్వే చెప్పుకో" అన్నాడు మావయ్య, నోట్లో దారంతో.

గుండీ ఊడి రోడ్డు మీద పడింది. మావయ్య ఆ పిస్తోలుని చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో తీసి, తొట్టి నీళ్ళలో వదిలాడు. రెండు బుడగలు వచ్చాయి. లేచి, మోకాళ్ళు దులుపుకుని, బావమరిది వైపు తిరిగాడు.

"ఇప్పుడు వాడు ఉత్త చేతుల మనిషి. కాలుస్తావా?"

బావమరిది చెయ్యి కిందికి దిగింది గానీ పిస్తోలు వదల్లేదు. ముప్పై నాలుగేళ్ళవాడి మొహం, పెట్టె పక్కన నిలబడి గుమ్మంలోకి వచ్చిన ఆరేళ్ళవాడి మొహంలా అయిపోయింది.

"అక్కకి చెప్పకు. చెప్పనంటే ఇచ్చేస్తాను."

అలాగే అనేస్తే ఆ క్షణాన అయిపోయేది. ఆ మాట మావయ్య నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"చెప్తాను" అన్నాడు. "నువ్విచ్చినా చెప్తాను, ఇవ్వకపోయినా చెప్తాను. కానీ ముందు నా సంగతి చెప్పుకుంటానురా. నలభై మూడు జేబులు కుట్టాను. అందులో ఒకటి పాల వ్యాను డ్రైవర్ని మింగేసింది. అది విన్నాక నీది దాని ముందు చిన్నదిగా కనిపిస్తుంది. భయపడకు."

అంతమంది మధ్య ఆ మాట పైకి అన్నాక ఆయనకే తన గొంతు కొత్తగా వినిపించింది.  బావమరిది పిస్తోలు ఆయన చేతిలో పెట్టి, రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు. ఉచితం ఏం చెయ్యాలో తెలియక అటూ ఇటూ చూసి, వాడికో గ్లాసు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఈసారి నెత్తిన పోయలేదు. రొప్పుకుంటూ వచ్చిన నర్సమ్మ తొట్టిలోదీ, చేతిలోదీ గుడ్డలో చుట్టి తీసుకెళ్ళింది.

మావయ్య ఆ సాయంత్రమే, పరదా అవతలికి వెళ్ళి, మిషను పక్కన పీట వేసుకుని అంతా చెప్పాడు. పెద్దక్క మిషను ఆపలేదు. డ్రైవరు సంగతి వచ్చినప్పుడు కూడా ఆపలేదు. చెప్పడం అయ్యాక, గుడ్డలోంచి తల ఎత్తకుండా ఒక్కటే అడిగింది.

"నే కుట్టింది, చటుక్కున వచ్చిందా?"

"వచ్చింది."

ఆవిడ పాదం ఆగింది. తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు, మొగుడితోనూ, తమ్ముడితోనూ. అన్నం మాత్రం ఇద్దరికీ పెట్టింది. ఎక్కువే పెట్టింది.

గుండీల రహస్యం కూడలిలో బయటపడిపోయింది కదా, మర్నాడు పొద్దున్నే కొట్టు ముందు జనం పోగయ్యారు. ఇరవై ముప్పై మంది ఉంటారు, ప్యాంట్లు చేత్తో పట్టుకుని. మోసం చేశావు, మా ప్రాణాలతో ఆడుకున్నావు, బయటికి రా అంటూ అరుస్తున్నారు. మావయ్య లేవబోయాడు. బావమరిది చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇద్దర్నీ పరదా వెనక్కి నెట్టి, పెద్దక్క వెళ్ళి గుమ్మం దగ్గర మిషను ముందు కూర్చుంది. కొలతల పుస్తకం తెరిచి, పెన్సిలు తీసుకుంది.

"అరవకండి. ఫిర్యాదులు రాసుకుంటాను. ఒక్కొక్కరే రండి. ఎవరిది రాలేదు?"

"నాది" అన్నాడు కూరగాయల దళారీ.

"ఎవరి మీద తీయబోతే రాలేదు?"

దళారీ నోరు తెరిచి, పక్కనే నిలబడ్డ మేస్త్రీని చూసి, మూసుకున్నాడు.

"చెప్పు నాయనా, రాసుకోవాలి కదా. ఏ రోజున, ఎవరి మీద, ఎందుకు? తర్వాత ఎవరు?"

ఎవరూ ముందుకి రాలేదు. వెనకాలవాళ్ళలో ఇద్దరు ప్యాంట్లు మడిచి చంకలో పెట్టుకుని నెమ్మదిగా వెనక్కి నడిచారు. అప్పుడు జనంలోంచి ఆటో నడిపే మనిషొకడు, నడుం ముప్పై రెండు, ముందుకొచ్చి అన్నాడు.

"నాది రాలేదు పెద్దక్కా. పోయిన నెల. మా అన్నయ్య మీద."

పెద్దక్క పెన్సిలు పుస్తకం మీద ఆనించింది గానీ రాయలేదు.

"అన్నయ్య ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఇంట్లో. టిఫిను తింటున్నాడు."

"మరి ఫిర్యాదేమిటి?"

  వాడు ప్యాంటు తెచ్చి మిషను బల్ల మీద పెట్టి, "ఈ జేబు తీసేయండి" అన్నాడు. "లోపల ఉన్నదో?" అంది పెద్దక్క. "మంగళవారం వెళ్ళి పెట్టెలో వేసొస్తాను."

ఆ మంగళవారం పెట్టెలో తొమ్మిది పడ్డాయి. నలభై మూడుకి తొమ్మిది పెద్ద లెక్కేం కాదని నర్సమ్మే అంది. వాషింగ్ మిషన్లాయన కొట్టు మూతపడింది. పట్టుబడ్డాడని కొందరు, వేరే పేటలో తెరిచాడని కొందరు. అందుకని నీళ్ళ బ్యాచీ ఆ వేరే పేటకి కూడా వెళ్ళి చూసొచ్చింది. అదంతా తర్వాతి సంగతి. ఆ పొద్దున మాత్రం పెద్దక్క ఆటో మనిషి ప్యాంటు తిరగేసి, కుట్టు చూసి, పరదా వైపు చెయ్యి చాచింది.

"ఏమండీ, ఆ చిన్న కత్తెర ఇటివ్వండి."

మొగుడితో ఆవిడ మాట్లాడటం ముందు రోజు సాయంత్రం తర్వాత అదే మొదలు. మావయ్య కత్తెర ఇచ్చాడు. ఇచ్చి, ఆవిడ పక్కనే నిలబడి, పాల వ్యాను డ్రైవరు పెళ్ళాం ఉండేది ఏ వీధిలోనో నీకు తెలుసా అని అడిగాడు.

"తెలుసు" అంది ఆవిడ, కుట్టు తెంపుతూ. "ఇది అవనీయండి. నేనూ వస్తాను."